వరండాలో వండిన పులిహోర

శాంతి కోసం జెనీవా నుంచి మనుషులు దిగేదాకా మా ఇద్దరికీ ఏ గొడవా లేదు. లాలాగూడలో ఒకే పిట్టగోడకి అటు వీరరాఘవమ్మగారు, ఇటు నేను. ముప్ఫై ఏళ్లు ఆ గోడ మీదుగా ఒక చిన్న ఇత్తడి గిన్నె అటూ ఇటూ తిరిగింది. ఇప్పుడు తిరగడం లేదు. అందుకు ఆ సంస్థవాళ్లని రోజూ తిట్టుకుంటాను. వాళ్లని తిట్టడం అయ్యాక నన్ను నేను తిట్టుకుంటాను. ఎందుకంటే ఆవిణ్ణి బతిమాలి ఆ వేదిక ఎక్కించింది నేనే.

నా పేరు ప్రేమమణి. రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన అబ్రహాం రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు, చర్చిలో పెద్ద. మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. వీరరాఘవమ్మగారిది తెనాలి. నాకంటే అయిదేళ్లు పెద్ద. నేను అక్కయ్యగారూ అంటాను, ఆవిడ మణీ అంటుంది. అంటుంది అని రాశానా? అనేది.

మేం ఆ ఇంట్లో దిగిన ఏడు శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం నాడు ఆవిడ విస్తరాకులో పులిహోర పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. పక్కన కుంకుమ, పసుపుకొమ్ము. నేను చెయ్యి చాపలేదు. విగ్రహం ముందు పెట్టింది మేం తినం అక్కయ్యగారూ అని మొహం మీదే చెప్పేశాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, నోటికి అదుపు లేదు. ఆవిడ మొహం మాడిపోయింది. ఆకు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఏడాదిపాటు గోడ దగ్గర కనపడితే తల తిప్పుకునేది.

మరుసటి ఏడు వ్రతంనాడు పొద్దున్నే గోడ మీద ఇత్తడి గిన్నె పెట్టి పిలిచింది. ‘ఇది అమ్మవారి ఎదట పెట్టలేదు మణీ. వంటింట్లో పొయ్యి మీద చెయ్యలేదు. వెనక వరండాలో కిరసనాయిలు స్టవ్వు మీద నీకోసం విడిగా చేశాను. ఇహ తింటావా, ఇంకా ఏమన్నా వంకలున్నాయా?’ అంది.

మడి కట్టుకున్న మనిషి, నైవేద్యం కాకుండా మెతుకు ముట్టని మనిషి, తెల్లారకుండా లేచి, వరండాలో నాకు వేరేగా చింతపండు పులుసు ఉడకబెట్టింది. నేను తిన్నాను. పళ్లెం నాకాను కూడా. ఆ ఏడు నుంచి దసరాకీ, వ్రతానికీ, ఉగాదికీ ఆ గిన్నె నాది. మా ఆయన పోయినప్పుడు మూడు రోజులు ఆ గిన్నెలోనే పప్పూ అన్నం కలిపి తెచ్చి, ముద్దలు చేసి నా నోట్లో పెట్టింది.

మా ఇంట్లో మాత్రం ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టదు. అందుకని క్రిస్మసుకి నేను పళ్లెంలో బియ్యం, పెసరపప్పు, బెల్లం, నెయ్యి పెట్టి గోడ మీదుగా ఇస్తాను. వండుకుని తింటుంది. తిన్నాక బెల్లం బాగుందనో, నెయ్యి మాడిందనో చెబుతుంది. అది మడా, ఇంకోటా అని ముప్ఫై ఏళ్లలో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఏం జవాబొస్తుందోనని భయం. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు, రోజులు బాగానే గడిచాయి. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా?

పోయిన నవంబరులో మా చర్చి కుర్రాళ్లకి పెద్దవాడైన జకర్యా వచ్చాడు. కార్ఖానా అనే పేటలో ఏదో మందుల షాపు మేడ మీద ‘సర్వమత శాంతి సంవాద వేదిక’ అని కొత్తగా ఆఫీసు పెట్టారట, వీడు అందులో ఉద్యోగి. మెళ్లో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద పావురం. జెనీవా నుంచి ఇంగ్రిడ్ అనే ఆవిడ వస్తోందనీ, మతాలు వేరైనా కలిసి బతికే ఇరుగుపొరుగు కావాలనీ, సికింద్రాబాద్ మొత్తం వెతికితే మా ఇద్దరిలాంటి వాళ్లు దొరకలేదనీ చెప్పాడు. ‘ఆంటీ, మీరు జెర ఆమెను గూడ ఒప్పియ్యుండ్రి. రెండు మాటలు మాట్లాడితే చాలు, తక్లీఫ్ ఏం లేదు’ అన్నాడు.

నాకు పొగడ్త తలకెక్కింది. దాచుకోవడం దేనికి? స్కూల్లో ముప్ఫై మూడేళ్లు చాక్‌పీసు పొడి మింగినా ఒక్కడూ నన్ను వేదిక మీదికి పిలవలేదు. వీరరాఘవమ్మగారు రానంది. నలుగురిలో మాట్లాడ్డం తనకి రాదంది, మన తిండి సంగతి మైకులో ఎందుకే అంది. రెండు రోజులు వెంటపడ్డాను. ఏం చెప్పాలే అని ఆఖరికి అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి అక్కయ్యగారూ, అంతకంటే ఏం కావాలి అన్నాను. పంతులమ్మని కదా, పాఠం చెప్పాను.

కార్ఖానాలో ఫంక్షన్ హాలు. వెనక బట్ట మీద ఆలివు కొమ్మ కరుచుకున్న పావురం. ఆ పావురాన్ని తలుచుకుంటే ఇప్పటికీ రాయి తీసుకుని కొట్టాలనిపిస్తుంది. ముందు వరసలో మా పాస్టరుగారు, ఒక స్వామీజీ, ఒక మౌల్వీసాబు, ముగ్గురికీ ఒకే రకం శాలువాలు. ముగ్గురూ తలో కొవ్వొత్తి వెలిగించి, ఫోటో అయ్యాక ఆర్పేశారు. వీరరాఘవమ్మగారు ఆకుపచ్చ వెంకటగిరి చీర కట్టుకుని నా పక్కన కుర్చీ అంచున కూర్చుంది. వచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఇంగ్రిడ్ తెల్ల జుట్టు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. జకర్యా తెలుగు చేసి చెబుతున్నాడు. దేవుడికి పెట్టిన ప్రసాదం మీరు ఈవిడతో పంచుకుంటారా అని అడిగింది. అవునంటే అయిపోయేది. చప్పట్లు కొట్టి, కాఫీ ఇచ్చి పంపేవాళ్లు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నది నేనాయె.

‘లేదండీ’ అంది వీరరాఘవమ్మగారు. ‘ఆవిడకి విడిగా వండుతాను.’

ఎక్కడ అని అడిగారు. వెనక వరండాలో అంది. అదే గిన్నెలోనా అన్నారు. కాదు, ఆవిడ గిన్నె ఆవిడకుంది అంది. మరి మీరు ఈవిడ ఇంట్లో తింటారా అన్నారు. తినను, మంచినీళ్లు కూడా తాగను అంది. ఒక్కొక్క జవాబుకీ కొంచెం గర్వంగా నావైపు చూస్తోంది, సరిగ్గా చెబుతున్నానా అన్నట్టు.

హాల్లో గుసగుస మొదలైంది. వెనక నుంచి ఒకాయన లేచి, గిట్ల వేరే గిన్నె పెట్టుడు అంటరానితనం కాదా, దీనికి శాంతి అని పేరు పెడతరా అని గట్టిగా అడిగాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. అలాంటి గిన్నె ఆయన ఏ గడపల్లో చూసి ఉంటాడో నాకు తెలుసు. వీరరాఘవమ్మగారికి మాత్రం మాట అర్థమయ్యేసరికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంగ్రిడ్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్లూ మీ మనసుకి ఎలా ఉండేది అని అడిగి మైకు నా చేతిలో పెట్టింది.

ఒక్క ముక్క చాలు. నేనే తిననన్నానండీ, అందుకే ఆవిడ విడిగా వండింది అంటే చాలు. ఆ ముక్క నాలుక మీదే ఉంది. కానీ సరిగ్గా అప్పుడు మా అమ్మ నా కళ్లముందు నిలబడింది. రేపల్లె దగ్గర మా పల్లెలో మా అమ్మ కరణంగారి దొడ్డిలో పేడకళ్లు ఎత్తేది. ఆ ఇంటి చూరుకి రేకు గ్లాసు ఒకటి వేలాడేది. అమ్మ గ్లాసు అది. దాన్ని తనే దించుకుని, పైనుంచి పోసిన మజ్జిగ పట్టుకుని తాగి, తనే కడిగి చూరులో పెట్టేది. పక్కన నిలబడి నేను చూసేదాన్ని. వేరే గిన్నె, వెనక వరండా అనే మాటలు అంతమందిలో మైకులో వినేసరికి ఆ గ్లాసు వచ్చి గొంతుకి అడ్డం పడింది. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. కానీ అందులో ఇదెంతో, ఇందులో అదెంతో ఆ క్షణంలో తేల్చుకోలేకపోయాను. ఏడ్చాను.

మా అమ్మ కోసం ఏడ్చాను. కెమెరాలు మెరిశాయి. నా మోచేతి మీద ఉన్న చెయ్యి మెల్లగా జారిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ వేరే ఆటో ఎక్కింది. మర్నాడు గోడ దగ్గర పిలిస్తే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. క్రిస్మసుకి బియ్యం, పప్పు, బెల్లం, నెయ్యి పళ్లెంలో పెట్టి, రెండిళ్లలోనూ పనిచేసే యాదమ్మ చేత పంపాను. కట్టిన గుడ్డ ముడి కూడా విప్పకుండా తిరిగొచ్చింది. ‘అమ్మ ముట్టలే. నువ్వు నోరు తెరిచి ఒక్క మాట చెప్పకపోతివి, ఇప్పుడు బెల్లం పంపితే ఏమైతది?’ అంది యాదమ్మ. పనిమనిషి చేత మాట పడ్డాను, పడాల్సిందే.

జనవరిలో జెనీవా నుంచి పుస్తకం అచ్చయి వచ్చింది. నునుపు కాగితం. లోపల పేజీ నిండా నా ఏడుపు మొహం, పక్కన తల దించుకున్న ఆకుపచ్చ చీర. కింద ఇంగ్లీషులో ‘ముప్ఫై ఏళ్ల వేరు గిన్నె’ అని. జకర్యాకి బుర్ర ఉంటే కదా! గొప్ప మేలు చేస్తున్నాననుకుని రెండిళ్లకీ చెరో కాపీ ఇచ్చి పోయాడు. వీరరాఘవమ్మగారబ్బాయి బాబూరావు అది చదివి తల్లికి తెలుగులో చెప్పాడు. సాయంత్రం మా గేటు ముందు నిలబడి వీధంతా వినేలా అడిగాడు, మా అమ్మ చేతి ముద్ద తిన్న రోజున ఈ ఏడుపు ఏమైందండీ అని. నేను బయటికి వెళ్లలేదు. వారం తిరక్కుండా మేస్త్రీని పెట్టించి పిట్టగోడ మీద నాలుగు వరసల ఇటుక లేపించాడు. పైన గాజు పెంకులు కూడా గుచ్చారు.

కార్ఖానా ఆఫీసుకి వెళ్లి అరిచి వచ్చాను. ఆ రాత తప్పు, దిద్దండి అన్నాను. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మీ బాధ మాకు అర్థమైంది మేడమ్, వచ్చే సంచికలో చూద్దాం అన్నారు. మే నెలలో ఒక సర్టిఫికెట్టు పంపారు, మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసి, పైన పావురంతో. దాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను.

శ్రావణం వచ్చింది. వ్రతంనాడు పొద్దున్న వెనక వరండాలో స్టవ్వు చప్పుడు వినపడుతుందేమోనని గోడకి చెవి పెట్టి నిలబడ్డాను. అరవై దగ్గర పడుతున్నదాన్ని, సిగ్గు లేకుండా. ఏమీ వినపడలేదు. సాయంత్రం పేరంటాళ్లు లోపలికి వెళ్లడం చూసి, పిలుపు లేకపోయినా, వీధిలోంచి చుట్టూ తిరిగి వాళ్ల గుమ్మం ఎక్కాను.

ముందు గదిలో ఆరుగురు ఆడవాళ్లు చాప మీద కూర్చుని తాంబూలాలు తీసుకుంటున్నారు. వీరరాఘవమ్మగారు అమ్మవారి పక్కనుంచి లేచి నిలబడింది. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. ‘అక్కయ్యగారూ, ఆ రోజు మైకులో చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. ఇక్కడున్న అందరూ వినండి. ఈవిడ నన్ను దూరం పెట్టలేదు. తిననన్నది నేను. నా కోసం విడిగా వండింది ఈవిడ.’

ఆవిడ అంతా విని, అమ్మవారి ముందున్న గుండిగలోంచి పులిహోర తీసి విస్తరాకులో పెట్టి, పక్కన చిటికెడు కుంకుమ పెట్టి తెచ్చి నా చేతికిచ్చింది. ముప్ఫై ఏళ్ల కింద తెచ్చినట్టే.

‘ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఒకటే గిన్నె’ అంది. ‘మీ జెనీవా వాళ్లకి రాయండి.’

‘నాకు నా గిన్నెలోది పెట్టండక్కయ్యగారూ’ అన్నాను.

‘ఆ గిన్నె లేదు టీచరుగారూ. మీరు ఏడ్చిన మర్నాడే పాత సామాన్లవాడికి వేసేశాను.’

ఆవిడ నన్ను మీరు అనడం, టీచరుగారూ అనడం అదే మొదలు. ఆకు చేతిలో వేడిగా ఉంది. ఆరుగురూ నన్నే చూస్తున్నారు. తినేద్దామనుకున్నాను. తింటే ఏమవుతుంది, అబ్రహాం లేడు, పాస్టరు చూడడు, ప్రభువు క్షమించడా అనుకున్నాను. ఒక ముద్ద తీశాను. నోటిదాకా తెచ్చాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఆవిడ నా చేతినే చూస్తోంది. అప్పుడు మాత్రం ఆ మొహంలో కోపం లేదు.

‘మీరు తినలేరని నాకు తెలుసు’ అంది. ‘అందుకేగా ముప్ఫై ఏళ్లు విడిగా వండింది.’

నా చేతిలోంచి ఆకు తీసుకుని, గుమ్మం దగ్గర కూర్చున్న యాదమ్మకి ఇచ్చేసింది.