దాసమ్మ టీవీ శాసనం

జరీనాకు కోపం తొందరగా వచ్చేది కాదు. వస్తే మాత్రం పోయేది కాదు. రెండువేల మూడు ఫిబ్రవరిలో వచ్చిన కోపం ఆగస్టు దాకా పచ్చిగానే ఉంది.

ఆమె పెనుకొండ కోట కింద ఒక హైస్కూల్లో చరిత్ర చెప్పేది. బడికంతా ఒకటే టీవీ. కనగానపల్లి రైతు రంగప్ప, చనిపోయిన తన తల్లి దాసమ్మ పేరును దాని మీద ఎర్ర రంగుతో రాయించి మరీ ఇచ్చాడు. క్రికెట్ ప్రపంచకప్పు మొదలైన వారానికే అది మాయమైంది. జరీనా పగలగొట్టిందని, ముక్కలు తానే పారేయించానని హెడ్మాస్టరు వీరభద్రయ్య అందరి ముందూ తేల్చేసి, మెమో కూడా చేతికిచ్చాడు. ఆ సంగతి విని రంగప్ప వచ్చాడు.

"మా యమ్మ పేరుండాది కదమ్మా దానిమీద. రొంత జాగర్తగా చూసుకోకూడదా" అన్నాడు.

అంతే. తిట్టి ఉంటే జరీనా మరిచిపోయేదేమో.

తర్వాతి నెలలో ధర్మవరంలోని వీరభద్రయ్య ఇంటికి వెళ్లింది. ఆయన భార్య ప్రమీలమ్మ నేయించుకున్న చీర ఇచ్చిరమ్మని నాయన సాబ్జాన్ పంపాడు. నట్టింట్లో లేసుగుడ్డ కింద టీవీ ఉంది. ఫ్యాను గాలికి గుడ్డ లేచింది. దాని కింద ఎర్ర అక్షరాలు. జరీనా ప్రమీలమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చి, చూసింది నాయనకు చెప్పింది.

"పోయి నలుగురికీ చెప్పు" అన్నాడు సాబ్జాన్, మగ్గం ఆపి.

"నేను చెప్తే ఎవురు నమ్ముతారు నాయనా? ఆయప్ప నోటితోనే చెప్పిస్తా."

బడి తెరవగానే పిల్లలను కోట దగ్గరికి తీసుకెళ్లింది. రాతి శాసనాల మీద తడి కాగితం పరిచి, బొగ్గుపొడి అద్ది, అక్షరాలు ఎత్తడం నేర్పింది. పాత శాసనాల్లో మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. ఊరికే చూస్తే తలాతోకా తెలియదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివితేనే చెవికి అర్థమవుతుంది. చివర్లో ఎప్పుడూ ఒక శాపం ఉంటుంది, దానాన్ని కాజేసినవాడు ఏమైపోతాడో చెబుతూ. పిల్లలకు ఆ శాపాలే తెగ నచ్చాయి.

"అయితే మన బడికి దానాలిచ్చినోళ్లకీ శాసనాలు రాద్దాం" అంది జరీనా.

చెరువు మట్టితో పలకలు చేశారు. గంటకొకటి, బోరుకొకటి, బెంచీలకొకటి, పాత శాసనాల్లాగే ఎడం లేకుండా మేకులతో గీశారు. గంట దొంగ ఏడు జన్మలు గాడిదై పుట్టాలని స్వాతి అనే పిల్ల రాసింది. టీవీ పలక మాత్రం జరీనా ఎవరికీ చూపకుండా ఇంట్లో కూర్చుని గీసుకొచ్చింది.

పంద్రాగస్టుకు హిందూపురం నుంచి అధికారి వచ్చాడు. దాతల వరుసలో రంగప్ప కూర్చున్నాడు. వీరభద్రయ్యకు తన గొంతు మీద మహా మోజు. నలుగురు కూడితే చాలు, ఏదో ఒకటి రాగం తీసి చదవందే ఊరుకోడు. ఆ మోజునే నమ్ముకుంది జరీనా. పిల్లలు చదువుతామంటున్నా వినక ఆయనే ముందుకొచ్చాడు. గంట శాపం చదివితే పిల్లలు చప్పట్లు కొట్టారు. బోరు శాపానికీ కొట్టారు. ఆ ఊపులో మూడో పలక అందుకున్నాడు.

"స్వస్తిశ్రీ. రంగప్ప తన తల్లి దాసమ్మ పేర బడి పిల్లలకిచ్చిన టీవీని... ధర్మవరంలో తన నట్టింట... లేసుగుడ్డ కింద దాచి..."

గొంతు ఆగిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టయింది. రంగప్ప లేచి నిలబడ్డాడు.

"సదువు సామీ. ఆడికే నిలిపినావేమి?"

"చదవండి" అన్నాడు అధికారి కూడా, పలక వైపు వంగి.

జరీనా దగ్గరికి వచ్చి కింది వరుస మీద వేలు పెట్టింది.

"ఈడి నుంచి, సార్."

వీరభద్రయ్య రాగం లేకుండా చదివాడు. "...ఆ నింద ఇంకొకరి మీద వేసినవాడు, తన పాపాన్ని తన నోటితోనే చదువును గాక."

ప్రతి శాపానికీ కొట్టినట్టే పిల్లలు చప్పట్లు కొట్టారు. జరీనా కూడా కొట్టింది.