కాకి ముట్టిన పేరు

నా భార్య చావును నా బావమరిది ధోండిబా కాజేశాడు. అది నేరం. ఇందులో వాదించడానికేమీ లేదు.

శ్రావణంలో జ్వరంతో పుట్టింటికి వెళ్లింది. అక్కడే పోయింది. చితికి నేనే నిప్పు పెట్టాను. పిల్లలు లేరు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

కాలేదు. రేషన్ దుకాణంలో మా కార్డు వంతు రాగానే దుకాణదారు ఆమె పేరుకు నా పేరు కలిపి గొంతెత్తి పిలుస్తాడు.

"సరోజిని గునాజీ పిసాళ్!"

"పోయిందని చెప్పాను కదా."

"నాకు చెబితే ఏం లాభం కాకా? మిషన్‌లో బతికే ఉంది. చావు కాగితం తే, కొట్టేస్తా."

వరసలో వాళ్లు నా వెనక్కి తొంగిచూస్తారు, సంచీ పట్టుకుని ఆమె వస్తోందేమోనన్నట్టు. ఒకసారి నేనూ వెనక్కి చూశాను.

మా పంచాయతీకి వెళ్లాను. అక్కడి గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "ప్రాణం ఏ ఊళ్లో పోతే ఆ ఊళ్లోనే రాస్తారు. అక్కడికెళ్లి పేరు, పోయిన తేదీ, నువ్వేమవుతావో రాసి అర్జీ పెట్టు. నకలిస్తారు."

బస్సెక్కి ఆమె పుట్టిన ఊరికి వెళ్లి, అక్కడి పంచాయతీలో లెక్కలు రాసే గ్రామసేవిక బాయి ముందు అర్జీ పెట్టాను. బాయి చావుల పుస్తకం తీసి, వేలితో వెతికి, ఆగింది.

"సరోజిని అని ఎవరూ లేరు కాకా. ఆ రోజు ఊళ్లో పోయింది ఒక్కరే. హౌసా. ధోండిబా అక్క."

"ఆమే."

"హౌసా రఖమాజీ ఘాడ్గే అని ఉంది. తండ్రి పేరు రాయించాడు. భర్త పేరు దగ్గర గీత."

హౌసా. ఆ పేరు విని ఎన్నేళ్లయిందో. పెళ్లినాడు పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో నేనే సరోజిని అని రాశాను. పేరు మా అమ్మ చెప్పింది. మాలో ప్రతి పెళ్లికొడుకూ పెళ్లికూతురికి అలా కొత్త పేరు రాసేదే. ఆ తర్వాత మా ఇంట్లో హౌసా అన్న మాట ఎవరి నోటా రాలేదు.

బాయి కబురు పెడితే ధోండిబా మడిలోంచి బురద కాళ్లతోనే వచ్చాడు.

"ఏం దాజీ, బావవై ఉండి ఇంటికి రాకుండా నేరుగా సర్కారు గడప తొక్కారు? మా టీ చేదనా?"

"నీ టీ నువ్వే తాగు. నా పెళ్లాన్ని పెళ్లికాని దాన్ని చేసి రాయించావేం?"

వాడు గుమ్మంలోనే కూలబడ్డాడు. "పదో రోజు గుర్తుందా దాజీ?"

గుర్తుంది. ఏటి ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. చుట్టూ చెట్ల మీద కాకులు కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. పోయినవాళ్ల తీరని కోరిక తీరుస్తామని మాటిస్తేనే దిగుతాయి. నీ మేకను అమ్మనన్నాను. నీ తులసికోట ఎండనివ్వనన్నాను. మెతుకులు ఎండిపోయాయి. అప్పుడు ధోండిబా వంగి పిండం దగ్గర గుసగుసగా ఏదో అన్నాడు. వాడు లేవకముందే కాకి దిగింది.

"ఏమన్నావు?"

"నీ పేరు నీకు ఇప్పిస్తానక్కా, పక్కన ఇంకో పేరు పడనివ్వను అన్నాను. జ్వరంలో అదే అడిగింది. 'ఆ ఇంట్లో సరోజినీ అంటే పలికాను. పోయేటప్పుడైనా హౌసాగా పోనీ' అంది."

"నాతో చెప్పలేదేం?"

"మీతోనా?" వాడు నవ్వాడు. అందులో సంతోషం లేదు.

బాయి గొంతు సవరించుకుంది. "ఇద్దరూ కలిసి రెండు పేర్లూ ఒక మనిషివేనని రాసివ్వండి. పెళ్లి పత్రిక ఉంటే జత చేయండి. పై ఆఫీసు ఒప్పుకుంటే సరోజిని పేరు చేరుస్తాం. అప్పుడు నకలు మీకు పనికొస్తుంది."

"సంతకం పెట్టమంటే పెడతాను దాజీ. మీకు హక్కుంది," అన్నాడు ధోండిబా. "కానీ మాట తప్పించింది మీరవుతారు. కాకి ముట్టాక మాట తప్పితే పోయినవాళ్లు ఎవరి గడపకొస్తారో మీకు తెలీదా?"

తెలుసు. ఏటి ఒడ్డున కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

బాయి తెల్లకాగితం నా ముందుకు జరిపింది. కలం తీసుకున్నాను. రాస్తే దుకాణంలో పిలుపు ఆగుతుంది. సరోజిని ఎవరైనా పిలిస్తేనే వస్తుంది, పిలుపుతోనే పోతుంది. ఆమె అలవాటే నాకు. హౌసా అలా కాదు. మాట తప్పితే ఎవరూ పిలవకుండానే వస్తుంది. వచ్చి గుమ్మంలో నిలబడితే లోపలికి రమ్మనడానికి ఆ పేరు నా నోటికి తెలియదు.

కలం పెట్టేసి, అర్జీ వెనక్కి తీసుకుని చింపేశాను.

"అదేంటి కాకా! హౌసా పేరుతో ఉన్న నకలైనా పట్టుకెళ్లండి."

"ఆవిడెవరో నాకు తెలియదు," అన్నాను.

ధోండిబా వెనకనుంచి "దాజీ, దాజీ" అంటూ బస్సు దాకా వచ్చాడు. నేను తల తిప్పలేదు. వాణ్ని క్షమించలేదు. ఆమెనూ క్షమించలేదు. ఇక ఈ సంగతి ఎవరడిగినా నోరు విప్పను.