పైపులో మిగిలిన గ్యాసు

గ్యాసు మీద నడిచే వ్యాను మళ్ళీ మొండికేసింది. కనకమామిడిలో నర్సింహ తోట గేటు ముందు గులాబీ డబ్బాలు ఎక్కించుకుని తాళం తిప్పితే, ఇంజను గిరగిరా తిరుగుతుందే తప్ప అంటుకోదు. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే లేచే బండి, చేవెళ్ల నుంచి ఇంత దూరం నడిచి వేడెక్కి ఆగిందంటే మాత్రం అలిగిన అల్లుడే. ఎంత బతిమాలినా లేవదు. కాసేపు చల్లబడితే ఏమీ ఎరగనట్టు తనే లేస్తుంది.

అందాకా గులాబీలు ఊరుకుంటాయా? ఎండకు రేకులు విచ్చుకుంటే మార్కెట్లో వాటి మొహం చూసేవాడుండడు.

“సాలోమోనన్నా, నీ మొఖం చూసి ఇన్నొద్దులు ఊకున్న,” అన్నాడు నర్సింహ. “రేపు గిట్లనే అయితే నా పూలు వేరే బండికి ఎక్కిస్త. తప్పుగ అనుకోకు. నన్ను చూసి మిగిలిన తోటలోళ్ళు సుత గదే చేస్తరు.”

సాలోమోను సరేనన్నాడు. ఆ తోటలే అతనికి అన్నం. అవి పోతే వ్యాను అమ్ముకోవడమే. అంత తెలిసి కూడా లోపల ఏమీ కదల్లేదు. భార్య పెంటమ్మ పోయినప్పటి నుంచి అంతే. ఆమెను మట్టిలో పెట్టిన రోజు కూడా కంట చుక్క రాలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తూ, టీలు అందాయా అని అడుగుతూ తిరిగాడు. ఇదేం మనిషమ్మా అని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. ఏడ్చేవాణ్ణి ఓదార్చడానికి ఊరంతా వస్తుంది కానీ, ఏడుపు రానివాడి గోడు ఎవరికి పట్టింది!

మధ్యాహ్నం మొయినాబాద్‌లో మెకానిక్ జ్ఞానేశ్వర్ దగ్గర ఆపాడు. జ్ఞానేశ్వర్ అప్పటికే ప్లగ్గులు మార్చి, ఫిల్టరు మార్చి, గ్యాస్ కిట్టంతా విప్పి కడిగి ఉన్నాడు. ఈసారి వేడి మీదే మూత ఎత్తి వాసన చూశాడు.

“బండి ఆపినంక ఈ వేడికి లోపల గ్యాస్ ఉబ్బుతున్నదన్న. ఇంజన్ నిండ గ్యాసే ఉంటే గాలేది? ఎట్ల అంటుకుంటది? కిట్టు ముసలిదైంది, కొత్తది తెప్పియ్యాలె. వారం పడ్తది.”

“పోయిన యాడాదంత మంచిగనే లేచింది గదనే.”

“మధ్యల ఏమన్న మార్చినవా? జర యాది చేస్కో.”

“ఏం మార్చలే,” అన్నాడు సాలోమోను. అబద్ధమేమీ కాదు. అతను నిజంగానే ఏమీ మార్చలేదు. పెట్రోలు మీద లేపుదామంటే ఆ ట్యాంకు తుప్పుపట్టి ఏళ్ళయింది. ఇక రేపటికి చేసేదేమీ లేదనుకుని, చల్లబడేదాకా కూర్చుని చేవెళ్లకు తిరిగొచ్చాడు.

ఇంట్లో కూతురు సమత టీ పెట్టింది. మంట ఇంకా మండుతుండగానే ఒంగి, కింద సిలిండరు మీది మీట బంద్ చేసింది. మంట కుంగి, నీలంగా కొట్టుకుని ఆరిపోయింది. అప్పుడు తీరిగ్గా పైన స్టవ్ తిప్పింది. 

“గట్లెందుకు బిడ్డా?”

“అవ్వ నేర్పిందే గద బాపూ. ముందుగాల కింద బంద్ చెయ్యాలె, పైపుల ఉన్నదంత కాలిపోవాలె, గప్పుడే పైన. పైపుల గ్యాస్ మిగిల్తె ఇంట్ల పాము మిగిలినట్టే అంటుండె.”

టీ గ్లాసు అతని చేతిలోనే చల్లారింది.

పెంటమ్మ రోజూ డబ్బాలెత్తడానికి వ్యానులో పక్కనే కూర్చునేది. ఏ తోట గేటు దగ్గర పడుతున్నా ఆమె చేయి స్టీరింగు కిందున్న గ్యాస్ స్విచ్చు మీదికి పోయేది. టక్కున నొక్కి గ్యాసు బంద్ చేసేది. పైపులో మిగిలినదాంతో ఇంజను ఇంకాస్త నడిచి, దగ్గి, సరిగ్గా గేటు ముందు చచ్చేది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది. “ఇది బండే, నీ వంటిల్లు గాదు! ఇంజన్ ఖరాబ్ చేస్తున్నవు!” “గ్యాస్ అంటే గ్యాసే. నీ బండిల గ్యాసుకు మంచి బుద్ధులు నేర్పిండా దేవుడు?” అనేది ఆమె. తిడితే మూతి తిప్పుకునేది కానీ, తర్వాతి గేటు దగ్గర మళ్ళీ నొక్కేది.

ఆమె పోయాక ఆ స్విచ్చును ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు నర్సింహ గేటు ముందు వేరే బండి వచ్చి నిలబడి ఉంది. దాన్ని చూసినా సాలోమోను వేగం పెంచలేదు. గేటు ఇంకా కొంచెం దూరముండగా స్విచ్చు బంద్ చేశాడు. ఇంజను ఇంకాస్త నడిచి, దగ్గి, గేటు ముందు ఆగింది. నర్సింహ చేతులు కట్టుకుని చూస్తుండగా డబ్బాలు తనే ఎక్కించాడు. స్విచ్చు వేసి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది.

“వారెవ్వా! ఏం చేపిచ్చినవే?” అన్నాడు నర్సింహ. వచ్చిన బండిని పొమ్మని చెయ్యి ఊపాడు.

“ఏం చేపియ్యలే.”

“మరెట్ల లేచింది?”

“మా పెంటమ్మ బంద్ చేస్తుండె,” అన్నాడు సాలోమోను. “నేను తిడ్తుంటి.”

అతను స్టీరింగు మీద తల ఆనించి, నడుస్తున్న ఇంజను చప్పుడులో, ఇన్ని నెలలుగా రాని ఏడుపంతా ఏడ్చాడు. నర్సింహ గేటు పట్టుకుని నిలబడ్డాడు. పూలు ఎండకు పోతాయని ఆ రోజు అతను అనలేదు.