అద్దాల బండి మూడో రిపేరు

అద్దాల బండిని తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలేసరికి వీధిలో సగంమంది పనులు మానుకుని గుమ్మాల్లోకి వచ్చారు. రారూ మరి! ఏడాది తిరక్కుండా అదే పికప్ మూడోసారి అదే షెడ్డుకు చేరితే, పైగా బండి యజమాని షెడ్డు యజమానికి స్వయానా బావ అయితే, ఆ పూటకి అంతకంటే చూడదగ్గ సంగతి ఇంకేముంటుంది?

బావ దిగీ దిగకముందే అందుకున్నాడు.

"మొదట బ్రేకులన్నావు, డబ్బు పోశాను. తర్వాత గేరుబాక్సన్నావు, అదీ పోశాను. ఇప్పుడు ఇంజనే పట్టేసింది. నువ్వు బండి బాగుచేస్తున్నావా, నా కొంప కూలుస్తున్నావా?"

ఆ గొంతు వీధి చివర టీ కొట్టుదాకా వినపడింది. షెడ్డు నడిపే బామ్మర్దికి తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది కానీ, వీధిలో అందరూ పానా అనే పిలుస్తారు. చేతిలో పానా లేకుండా అతన్ని చూసినవాళ్లు తక్కువ. పానా బండి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. ముఖం దాచుకోవడానికి మెకానిక్‌కి అంతకంటే మంచి చోటు లేదు.

ఆయన మీద తిరిగి నోరెత్తడానికి పానాకు మనసెలా వస్తుంది? చదువు అబ్బక, పని దొరక్క వీధులు కొలుస్తున్న రోజుల్లో అతన్ని చెవి పట్టుకుని తీసుకెళ్లి ఓ పెద్ద మేస్త్రి దగ్గర పనికి పెట్టింది ఈ బావే. మొదటి పనిముట్ల పెట్టె కొనిచ్చిందీ ఈయనే. అద్దాల షాపు నుంచి కడుతున్న ఇళ్లకు కిటికీ అద్దాలు మోసే బండి ఆయనది. వెనక ఏటవాలు చట్రం, దానికి పాత దుప్పట్ల మెత్తలు, వాటికి ఆనించి మనిషంత అద్దాలు. ఎక్కించడానికి షాపువాళ్లు, దించుకోవడానికి అక్కడివాళ్లు. దారంతా బావ ఒక్కడే. ఆ దారిలో ఆయనకు తోడు చెవులే. అద్దం పగిలేముందు సన్నగా మూలుగుతుందట. ఆ మూలుగు వినపడగానే బండి ఆపి, దుప్పటి సర్ది, మళ్లీ కదిలేవాడు. ఆయన చేతిలో అద్దం పగిలిన రోజు లేదని షాపులో చెప్పుకునేవారు.

"బండి నోరులేనిది కాదురా," అని పానాకు నేర్పింది కూడా ఆయనే. "చెడిపోయే ముందు నెలరోజులు మొత్తుకుంటుంది. విననివాడికే ఖర్చు."

మర్నాడు ఇంజను దించే పని పెట్టుకున్నాడు పానా. పైదూలానికి గొలుసు కప్పీ కట్టి, ఇంజనుకు కొక్కేలు తగిలించి, కొంచెం కొంచెంగా లేపుతున్నాడు. బావ బండి తలుపు పక్కన ఇటు వీపు పెట్టి నిలబడి, చట్రం మీంచి తీసిన దుప్పట్లు దులుపుకుంటున్నాడు. ఇంతలో ఒక కొక్కెం జారింది. గొలుసు గలగలమంటూ నాలుగు లంకెలు దిగింది. ఇంజను ఒక పక్కకు ఒరిగి బావ వైపు ఊగింది.

"బావా, జరుగు!"

ఎదురు షాపు లేత్ మేస్త్రి ఆ కేకకు పని ఆపి పరుగెత్తుకొచ్చాడు. వీధిలో కుక్క లేచి నిలబడింది. బావ మాత్రం నిమ్మళంగా దుప్పటి దులుపుకుంటూనే ఉన్నాడు. పానా ఇంకోసారి అరిచాడు. లాభం లేక దూకి, ఆయన్ని రెండు చేతులతో తోసేశాడు. అంతవరకూ ఆయన నడుం ఉన్నచోట ఇంజను వచ్చి బండి తలుపుకు గుద్దుకుంది. రేకు సొట్ట పడింది.

బావ నేల మీంచి లేస్తూ, "తోస్తావేంట్రా? బామ్మర్దివని ఊరుకుంటున్నాను," అని గట్టిగా కసురుకున్నాడు. కసురుకుంటూనే పానా పెదవుల వంక చూశాడు, వీడిప్పుడు ఏమంటాడా అని. ఆ చూపు పానా గుండెల్లో గుచ్చుకుంది. వినేవాడు కళ్లలోకి చూస్తాడు కానీ పెదవుల వంక అలా ఆశగా చూడడు.

"మీ బావకు పొగరు బాగా ముదిరిందయ్యా," అన్నాడు లేత్ మేస్త్రి, ఆయన వెళ్లిపోయాక. "చావు నెత్తి మీదికొచ్చినా పిలిస్తే తిరిగి చూడడు."

పానా ఇంజను అడుగున చమురు తొట్టి విప్పాడు. నల్లటి నూనెలో లోహపు రజను మెరుపులు తేలుతున్నాయి. బేరింగులు రేకుల్లా అరిగిపోయి ఉన్నాయి. ఆ బేరింగుల్లో తిరిగే క్రాంకు కడ్డీ మీద గోరు దిగేంత గాట్లు. ఇలా కావాలంటే ఇంజను లోపల ఎవరో సుత్తితో తలుపు కొడుతున్నట్టు వారాల తరబడి టకటకమని ఉండాలి. దారినపోయే దానయ్యకైనా వినపడే చప్పుడది. మొదటి రిపేరూ అంతే: బ్రేకు లైనింగు అరిగిపోయి, ఇనుమూ ఇనుమూ రాసుకుని కీచుమంటుంటే బావ డ్రమ్ములు చెడేదాకా తొక్కాడు. రెండోదీ అంతే: నూనె కారిపోయి గేరుబాక్సు ఊళ పెడుతుంటే పళ్లు రాలేదాకా నడిపాడు. అప్పుడంతా పని ఒత్తిడిలో పట్టించుకోలేదేమో అనుకున్నాడు పానా. ఇప్పుడు మూడూ కలిపి చూస్తే ఇంకోలా అనుకోవడానికి దారి లేదు. బండి మూడుసార్లూ మొత్తుకుంది. వినాల్సిన చెవులే లేవు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, పానా పరిస్థితి అక్కడికొచ్చింది. సంగతి బయటపడితే చెవులు వినపడని డ్రైవరుకు అద్దాల షాపు ఇంకో లోడు ఇవ్వదు. ఆ బండి తప్ప ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. బయటపెట్టకపోతే, షాపు పక్కనే బడి ఉంది, గంట కొట్టగానే పిల్లలు బిలబిలమంటూ రోడ్డు మీద పడతారు. పోనీ ఆయనకు ఒక్కడికే రహస్యంగా చెబుదామా అంటే, వినపడని మనిషికి రహస్యం ఎలా చెప్పడం? ఆయనకు వినపడేలా చెబితే వీధి వీధంతా వింటుంది. కాగితం మీద 'నీకు చెవుడు' అని రాసి చేతికిద్దామంటే, ఆ అక్షరాలు రాయడానికి చెయ్యి రాలేదు.

ఈలోగా వీధి తన పని తాను చేసుకుపోయింది. పానా పాత సామాను వేసి కొత్తదాని డబ్బు గుంజుతున్నాడట, సొంత బావనే ముంచినవాడు మనల్ని వదులుతాడా అని ఒకరికొకరు చెప్పుకున్నారు. రోజూ వచ్చే ఆటోలు రెండు వేరే షెడ్డు చూసుకున్నాయి. లేత్ మేస్త్రి క్రాంకు సానపట్టి తెచ్చిస్తూ, నోరు విప్పి నీ తప్పు కాదని చెప్పుకోవయ్యా, నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టే అని మందలించాడు. పానా క్రాంకు అందుకుని బిగించే పనిలో పడ్డాడు.

ఆ సాయంత్రమే అక్క వచ్చింది. వంటింటి పైకప్పు వేయించాలని ఆమె కుట్టుపని చేసి కూడబెట్టిన డబ్బు బ్రేకులు కొంత తిన్నాయి, గేరుబాక్సు కొంత తిన్నది, మిగిలింది ఇంజనుకు పోతోంది. వానొస్తే ఇప్పటికీ పొయ్యి పక్కన బక్కెట పెట్టుకునే వండుతుంది. తమ్ముడు టీ తెప్పిస్తే గ్లాసు ముట్టలేదు.

"ఒక్క మాట చెప్పరా. పాత సామాను వేశావా?"

పానా చేతిలోని గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. మసి ఎప్పుడో పోయింది, అయినా తుడుస్తూనే ఉన్నాడు. లేదన్నాడా, మరెందుకు పాడయిందని అడుగుతుంది. తోడబుట్టినదానికి ఏమని చెబుతాడు?  

"డబ్బు పోతే పోయింది," అంది అక్క. "మనిషే పోయాడ్రా నాకు. వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకడు. పలికితే అరుపు. ఇన్నేళ్ల కాపురంలో ఇలా లేడు. నేనేం తప్పు చేశానో కూడా చెప్పడు."

చెప్పేస్తే ఆమె దుఃఖం ఆ క్షణమే తీరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది బావ చెప్పుకోవాల్సిన మాట. ఆయన ఇల్లాలికి ఆయనే దాచిన సంగతి తన నోటితో ఎలా బయటపెడతాడు? అక్క కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయింది. చల్లారిన టీని పానా మురుక్కాలవలో పారబోశాడు. తనకు అంత ఏడుపొచ్చిన రోజు ఇంకొకటి గుర్తులేదు.

బండి సిద్ధమైన రోజు మధ్యాహ్నం బావ ఒక్కడే వచ్చాడు. పానా తాళం తిప్పగానే ఇంజను ఒక్క దగ్గు కూడా లేకుండా అందుకుంది. బావ బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "బాగానే ఉంది," అన్నాడు. చేత్తో వింటున్నాడు పాపం.

పానా ఆయన్ని బండి ముందుకు తీసుకెళ్లాడు. గోడకున్న పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. ఇంజను లోపలి చప్పుడు పట్టుకోవడానికి మెకానిక్‌లందరూ చేసే పనే అది. మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకు పెట్టుకుంటారు. పానా మొనను ఇంజనుకు ఆనించాడు. పిడిని మాత్రం బావ చెవికి పెట్టలేదు. నోటికి చూపించి, పళ్ల మధ్య పట్టుకోమని తన పళ్లు కొరికి చూపించాడు. చెవులు మొరాయించినా పళ్లకు తగిలిన అదురు ఎముకల గుండా లోపలికి చేరుతుంది.

ఆ సైగతో బావకు అర్థమైపోయింది, వీడికి తెలిసిపోయిందని. ముఖం పాలిపోయింది. విసురుగా వెళ్లిపోతాడనుకున్నాడు పానా. వెళ్లలేదు. వంగి, పిడిని పళ్ల మధ్య బిగించి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

 మూసిన రెప్పల కిందినుంచి నీళ్లు కారి గడ్డం మీదికి జారాయి. ఎప్పుడో దూరమైన మనిషి గొంతు వింటున్నవాడిలా తల ఊపాడు.

పానా ఇంజను ఆపి, తాళంచెవి ఆయన చేతికిచ్చాడు. అది భోజనాల వేళ. అవతల లేత్ తిరగడం లేదు. వీధి సద్దుమణిగి ఉంది. మిగతా డబ్బు పట్టుకుని అప్పుడే వచ్చిన అక్క షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. పానా చూశాడు. వీపు అటున్న బావ చూడలేదు.

బావ బామ్మర్ది భుజం పట్టుకుని దగ్గరకు లాక్కున్నాడు. రహస్యం చెప్పేవాళ్లు పెట్టినట్టే నోటికి చెయ్యి అడ్డం పెట్టి, చెవి దగ్గరకు వంగాడు.

"రెండేళ్లయిందిరా దీని గొంతు విని," అన్నాడు. "నీ పనిలో లోపం లేదు. మొదటిసారే తెలుసు నాకు. చెవులు పోయాయని ఒప్పుకోవడం కంటే నిన్ను తిట్టడం తేలికైంది. క్షమించరా. మీ అక్కకు మాత్రం చెప్పకు. పిలిస్తే పలకనని కుమిలిపోతోంది, కనపడుతూనే ఉంది. చెవిటివాణ్ణని జాలిపడేకంటే పొగరుబోతునని తిట్టుకోవడమే నయం."

గుసగుసలాడుతున్నాననే అనుకున్నాడు ఆయన. ఆ గొంతు వీధి చివర టీ కొట్టుదాకా వెళ్లింది. లేత్ మేస్త్రి ముద్ద చేత్తో పట్టుకుని అలాగే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి.

"చెప్పను బావా," అన్నాడు పానా, పెదవులు బాగా కదిలేలా.  ఆయనకు గొంతుతో పని లేదు.

అక్క ఈసారి వెనకనుంచి పిలవలేదు. బండి చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. బావ ఆమె ముఖం చూశాడు. ఆమె భుజం మీదుగా గుమ్మాల్లో నిలబడ్డవాళ్లనూ చూశాడు. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి మెల్లగా దించేశాడు.

"ఇంటికి పోదాం పదండి," అంది ఆమె ఒక్కొక్క మాటా విడదీసి. "రేపు డాక్టరుకు చూపిద్దాం."

అరచెయ్యి చాపింది. బావ చేతిలోని తాళంచెవి వంక చూసుకున్నాడు. ఇన్నేళ్లలో రిపేరుకు తప్ప అది ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. ఇచ్చాడు. ఆమె దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, ఒక్క క్షణం ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని వదిలింది.

ఇద్దరూ వీధిలోకి నడిచారు. వెనకనుంచి ఓ మోటారుసైకిలు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. అక్క ఆయన చొక్కా పట్టుకుని పక్కకు లాగింది.