నా కడుపులో మజ్జిగ గ్లాసు

నేను ఒక ఊరగాయ సీసాను. కొలిమిలో ఎర్రగా కరిగి, అచ్చులో గాలి ఊదించుకుని ఈ పొట్ట తెచ్చుకున్నాను. మాగాయ మోశాను, నిమ్మకాయ మోశాను. మూత సరిగా బిగించక ఇంట్లోవాళ్లు బూజు పట్టిస్తే ఆ తిట్లూ నేనే తిన్నాను. అవన్నీ ఓర్చుకున్నాను గానీ, తణుకులో గంగరాజు చేసిన పని మాత్రం ఓర్చుకోలేను.

గంగరాజు కొత్తగా స్టీలు సామాన్ల కొట్టు తెరిచాడు. జనం రావాలని నన్ను ఇంట్లోంచి తెచ్చి, రూపాయి బిళ్లలతో నింపి గుమ్మం పక్కన నిలబెట్టాడు. ఎన్ని బిళ్లలున్నాయో దగ్గరగా చెప్పినవారికి పిండి రుబ్బే గ్రైండరు బహుమతి అని బోర్డు కట్టాడు. వచ్చినవాళ్లు నన్ను వేళ్లతో తట్టారు, ముక్కు ఆనించి చూశారు. కొందరు తమ స్కూటరు నంబరే రాసి డబ్బాలో పడేశారు. దానికి లెక్క అని పేరు!

నాగరత్నం అలా రాయలేదు. వీధి చివర దోసెల పిండి అమ్ముకునే మనిషి. రోట్లో రుబ్బి రుబ్బి ఆమె కుడి భుజం పైకి లేవడం మానేసింది. రుబ్బడం మానేయమన్నాడు డాక్టరు. మానేస్తే ఇల్లు గడవదు. అందుకే ఆ గ్రైండరు మీదే ప్రాణం పెట్టుకుంది. ఇంట్లో నాలాంటి సీసాలోని ఆవకాయను జాడీలోకి తీసి, కడిగి ఆరబెట్టి, పిండి అమ్మిన చిల్లర నాలుగు వేళ్ల ఎత్తుకు పోసి లెక్కపెట్టింది. దాన్ని నా ఎత్తుకు హెచ్చవేసి రెండు వేల వంద అని రాసింది. సరిగ్గా పట్టేది అంతే. నా కడుపు సంగతి నాకు తెలియదా?

ఆదివారం చీటీలు విప్పారు.

"పద్నాలుగు వందలండీ! మా బావమరిదే గెలిచాడు!" అన్నాడు గంగరాజు.

నాగరత్నం ముందుకొచ్చింది. "ఓసారి గుమ్మరించండి బాబూ. నా లెక్క అంత తప్పదండీ."

జనం కూడా పట్టుబట్టారు. గుమ్మరించక తప్పలేదు. బిళ్లలతో పాటు పెద్ద మజ్జిగ గ్లాసు ఒకటి ఖంగుమంటూ బల్ల మీద పడింది. అన్నాళ్లూ దాన్ని నా కడుపులో బోర్లించి, చుట్టూ బిళ్లలు పేర్చి ఉంచాడు మహానుభావుడు.

గంగరాజు కొంచెమైనా తడబడలేదు. "బిళ్లలు చాల్లేదండీ మరి. బిళ్లలెన్ని అనడిగాను గానీ, గ్లాసు లేదని చెప్పేనేంటి?"

జనం గొల్లున నవ్వారు. "బుర్రంటే గంగరాజుదేరా!" అంటూ చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే ఆమె పిండితో దోసెలు పోసుకు తిన్న నోళ్లే అవి. బావమరిది అప్పటికే గ్రైండరును ఆటో ఎక్కించేశాడు. వాళ్లింట్లో ఇదివరకే ఒకటుందట.

గంగరాజు దయతలచి నన్ను ఓదార్పు బహుమతిగా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఎడమచేత్తో పట్టుకుని నన్ను తేరిపార చూసింది.

"గాజు సీసా కదా, ఉన్నదున్నట్టు చూపిస్తాదనుకున్నాను" అని బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

గంగరాజును ఒక్క మాట అనలేదు. నన్ను అంది.

ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో పడి ఉన్నాను. రేపోమాపో పగలగొట్టి కరిగిస్తారట, కరిగించుకోండి. ఆ తల్లి మాత్రం ఇంకా ఎడమచేత్తో పిండి రుబ్బుతూనే ఉంది, మోసం చేసింది నేనేననుకుంటూ. ఆ గ్లాసు పడటం అంతమంది కళ్లారా చూశారే, తప్పు సీసాది కాదమ్మా అని ఒక్కరైనా వెళ్లి చెప్పరేం?