బారిటోన్ నోరు విప్పిన మంగళవారం

ఒరేయ్, బార్బర్‌షాప్ పాట అనగానే తల తడుముకుంటావేం? నీ నెత్తిన కత్తిరించడానికి ఏం మిగిలింది గనుక! అది క్షౌరం కాదురా సన్నాసీ, పాట. చారల కోటు, గడ్డి టోపీ పెట్టుకుని నలుగురు మగాళ్లు వాయిద్యం లేకుండా పాడతారు. లీడ్ అనేవాడు అసలు పాట పాడతాడు. టెనర్ పైన పాడతాడు, బాస్ కింద. ఈ ముగ్గురూ తినగా విస్తట్లో మిగిలిన స్వరాలన్నీ నాలుగోవాడివి. వాడే బారిటోన్. అందుకే ఆ పాటగాళ్లలో ఏ వేళాకోళమైనా బారిటోన్ మీదే. వాడు పడాలి, అంతే. అది ఆచారం.

ఒహాయోలో టర్నర్స్ ఫోర్డ్ అనే ఊరి జట్టుకి పదకొండేళ్లు బారిటోన్‌గా ఉన్నవాడు వెర్లిన్. బడి బస్సు నడిపి రిటైరయ్యాడు. లీడ్ హార్లన్‌ది దాణా మిల్లు. ఆర్నెల్ల కింద, సాధన చూడ్డానికొచ్చే ముప్పైమంది ముందు హార్లన్ అన్నాడు: "నీ ముక్కలు నువ్వు ఏరుకోకుండా నా పాటలో చెయ్యి పెడతావేంరా? దిగు వేదిక." అంతే, వెర్లిన్ కోటు లాక్కున్నారు. ఆ చోట మందుల షాపు లూమిస్‌ని నిలబెట్టారు. పిల్లి ఎదురుపడినా పక్కకి తప్పుకుని దారిచ్చే రకం.

అప్పట్నుంచి వెర్లిన్‌కి అన్నం సయించలేదు. ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా బారిటోన్ ముక్కలే పాడుకునేవాడు. విడిగా వింటే అవి పాటలా ఉండవు, పంటి నొప్పి మూలుగులా ఉంటాయి. పెళ్లాం రేడియో పెద్దది చేసేది.

చేతిలో మిగిలింది ఒక్కటే, జట్టు కరపత్రం. దాన్ని అచ్చు వేసేది వెర్లినే. నెలకో ఫొటో వేస్తాడు. దాని కింద ఏం రాస్తే నవ్వొస్తుందో జనం చీటీల మీద రాసి, సంతకం పెట్టి కాఫీ డబ్బాలో వేస్తారు. మంగళవారం సాధనలో వాటిని వెర్లిన్ పైకి చదువుతాడు. ఆ నెల ఫొటో స్ట్రాబెర్రీ పండగది. ముందు హార్లన్, కళ్లు మూసి, చేతులు బార్లా చాచి, కొట్టం తలుపంత నోరు తెరిచి ఉన్నాడు. వెనక ముగ్గురు.

శనివారం జిల్లా పోటీ. ఆలోగా లూమిస్‌ని తీసేస్తే ఆ పాట తెలిసిన బారిటోన్ ఊళ్లో ఇంకొక్కడే. ఎవరో నీకు చెప్పక్కర్లేదుగా? అందుకని వెర్లిన్ ఎడమ చేత్తో నాలుగు చీటీలు గిలికాడు. నాలుగింటి కిందా సంతకం లూమిస్‌ది. హార్లన్‌ని ఒక్క మాటన్నవాడు ఆ జట్టులో మిగిలిన దాఖలా లేదు.

మంగళవారం చర్చి నేలమాళిగలో అందరూ కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. వెర్లిన్ డబ్బాలో చెయ్యి పెట్టాడు. "లూమిస్ రాశాడు" అంటూ చీటీ ముక్కు దాకా తెచ్చుకుని, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఏ పన్ను నొప్పో చూపించమన్నారు. చూపిస్తున్నాడు."

ఎవడో కిసుక్కుమన్నాడు. హార్లన్ కప్పు కింద పెట్టాడు.

"ఇదీ లూమిస్‌దే. పెద్ద స్వరం కోసం నోరు తెరిచాడు. స్వరం రాలేదు, ఈగ వెళ్లింది."

"చదువు," అన్నాడు హార్లన్. మెడ ఎర్రబడింది.

"ముగ్గురు పాడుతున్నారు. నాలుగోవాడి కాలి మీద ఆవు నిలబడింది."

"ఆగావేం? చదవరా!"

"నేను చదివేవాణ్ణే హార్లన్, నా మీద అరవకు." వెర్లిన్ అమాయకంగా మొహం పెట్టి నాలుగోది విప్పాడు. "చేతులు చాచింది ప్రేమతో కాదు. మిగతావాళ్లు మైకు దగ్గరికి రాకుండా."

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అది నిజం. హార్లన్ లేచి లూమిస్ ముందు నిలబడ్డాడు.

"నువ్వే రాశావా?"

లూమిస్ హార్లన్‌ని చూడలేదు. వెర్లిన్‌ని చూశాడు. వెర్లిన్ చేతిలో చీటీని చూశాడు. మళ్లీ వెర్లిన్‌ని చూశాడు. అప్పుడు మెల్లిగా లేచాడు.

"నేనే. ఇంకా ఉన్నాయి. మీ వయసు చూసి ఆపాను."

వెర్లిన్ కళ్లు బయటికొచ్చాయి. హార్లన్ మొహం వంకాయ రంగుకి తిరిగింది. ఇక చెయ్యి లేస్తుందనుకున్నారంతా. లేచింది కూడా. వచ్చి లూమిస్ వీపు మీద ధబీమని పడింది.

"నలభై ఏళ్లుగా పాడుతున్నానురా! బారిటోన్‌ని లీడ్ తిట్టడం చూశాను గానీ, లీడ్‌ని తిట్టిన బారిటోన్‌ని ఇవాళే చూశాను! పోటీలో పాటల మధ్య జనాన్ని నవ్వించేది కూడా నువ్వే. రా, పాడదాం."

నలుగురూ దగ్గరగా నిలబడి పాట చివరి వరస ఎత్తుకున్నారు. లూమిస్ మొదటిసారి గొంతు విప్పాడు. నాలుగు గొంతులూ సరిగ్గా అతికితే, ఎవరూ పాడని అయిదో స్వరం ఒకటి పైన మోగుతుంది. అది మోగింది. వెర్లిన్ దిగాక ఆ నేలమాళిగలో అది వినపడటం అదే మొదలు. వెర్లిన్ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

పాటయ్యాక హార్లన్ వచ్చాడు. "వెర్లిన్, ఇవాళ వీణ్ణి పంపేద్దామని వచ్చాను. నోట్లో నాలుక లేదని. నీ కోటు ఉతికించి, ఇస్త్రీ చేయించి ట్రక్కులో పెట్టాను కూడా. ఇంకేం అవసరం? పట్టుకెళ్లు, బస్సు తుడుచుకోడానికి పనికొస్తుంది."

"నాకిప్పుడు బస్సు లేదు."

"అయితే కిటికీలు తుడుచుకో."

వెర్లిన్ టోపీ తీసుకుని మెట్ల దాకా వెళ్లాడు. వెనకాలే లూమిస్ వచ్చాడు, అదే పిల్లి నడక, అదే మెత్తని గొంతు.

"వెర్లిన్ గారూ, శనివారానికి ఇలాంటివి ఇంకో పది కావాలి. ఈసారి కుడి చేత్తో రాయండి. పాపం, మీరు రాసింది మీకే చదవడం రాలేదు."