జిలానీ గీతల రోజా

జమ్మలమడుగులో మా వీధి ఆడవాళ్లు మొక్కల్ని అడిగి తెచ్చుకోరు. అడిగి తెచ్చిన కొమ్మ నాటుకోదని, దొంగిలించినదే చిగురు వేస్తుందని మాకు గట్టి నమ్మకం. అందుకని ఆ దొంగతనానికి కూడా ఒక మర్యాద పెట్టుకున్నాం. ఎవరింట్లోనైనా మంచి మల్లెతీగో, రెక్క మందారమో కంటబడితే పలకరింపుగా వెళ్లి కూర్చుంటాం. ఆ చెట్టును రెండుసార్లు మెచ్చుకుంటాం. ఇంటావిడకు సంగతి అర్థమైపోతుంది. "ఉండు, మజ్జిగ తెస్తా" అని లోపలికి వెళ్లి, ఒక గ్లాసు మజ్జిగకు పట్టేదానికంటే రెండింతల సేపు ఉండి వస్తుంది. ఆలోగా పుటుక్కున విరిచి కొంగులో దాచుకోవాలి. ఆమె తిరిగొచ్చాక విరిగిన చోటు వైపు చూడదు. మనమూ ఏమీ ఎరగనట్టు మజ్జిగ తాగి వస్తాం. నా తోటలో సగం ఇలా వచ్చిందే.

తోట అంటే నేల మీద తోట కాదు. నా పేరు కృష్ణవేణమ్మ, మా ఆయన రామకృష్ణయ్యకు బజారులో బట్టల కొట్టు. మా మిద్దె మీద కిరసనాయిలు డబ్బాల్లో పదిహేడు రోజా చెట్లు సాకేదాన్ని. ఇంటి వెనక బావిలోవి ఉప్పునీళ్లు, వాటికి రోజా బతకదు. పెన్న ఇసుకలో చెలమ తవ్వి తెచ్చే తియ్యటి నీళ్లు రెండు కడవలు వాటికే పోసేదాన్ని. "ఈ ఇంట్లో చెట్టుగా పుట్టినా బాగుండు" అని మా ఆయన ఉప్పునీళ్ల కాఫీ తాగుతూ గొణిగేవాడు. ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన నల్ల రోజా ఉండేది, నలుపంటే నిజంగా నలుపు కాదు, ఎండలో పెడితే బాగా పండిన నేరేడు రంగు. పన్నీరు రోజా సరే, అందరిళ్లలోనూ ఉంటుంది. బెంగుళూరు నుంచి మా తమ్ముడు తెచ్చిన పచ్చ రోజా ఒకటి ఉండేది. దాని రేకులు కూడా ఆకు రంగే. మొదటిసారి పూసినప్పుడు మా అత్తగారు అది ఎర్రబడుతుందని పదిహేను రోజులు కాచుకుని, చివరికి నన్నూ చెట్టునూ కలిపి తిట్టింది.

ఇన్ని ఉన్నా నా మనసు పడింది మాత్రం మా ఇంట్లో లేని దాని మీద. అది రహమత్‌బీ ఇంట్లో ఉండేది.

రహమత్‌బీ మా వెనక వీధిలో ఒంటరిగా ఉండేది. మా కొట్లో మిగిలిన గుడ్డముక్కలు తీసుకుపోయి బొంతలు కుట్టేది. నేను ఆమెను బూబమ్మా అనేదాన్ని, ఆమె నన్ను శెట్టెమ్మా అనేది. ఆమె మొగుడు జిలానీ సాయిబు ఒక దొర బంగళాలో తోటమాలిగా ఉండేవాడు. అక్కడ గులాబీ రంగు పూలు పూసే చెట్టుకు ఒకే ఒక కొమ్మ వేరేగా పూసిందట. తెల్లటి రేకుల మీద, ఎవరో వేలితో కుంకుమ గీసినట్టు ఎర్రటి గీతలు. ఏ రెండు రేకులూ ఒకటిగా ఉండవు. జిలానీ ఆ కొమ్మ నుంచి ఒక కన్ను, అంటే చిగురు మొలిచే చోటును తొక్కతో సహా తీసి, అడవి రోజా కాండానికి అంటు కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. దొర వెళ్లిపోయాడు, బంగళా తోట నీళ్లు లేక మాడిపోయింది. జిలానీ కూడా పోయాడు. ఆ గీతల రోజా ఇంకెక్కడా నేను చూడలేదు, విననూ లేదు. ప్రతి గురువారం సాయంత్రం రహమత్‌బీ మొగుడి పేరు మీద ఫాతెహా చదివించి, ఊదొత్తి పక్కన ఆ చెట్టు పువ్వు ఒకటి పెట్టేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది, పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. మర్యాద ప్రకారం చెట్టును రెండుసార్లు మెచ్చుకున్నాను. ఆమె మురిసిపోయింది తప్ప కదల్లేదు. మూడోసారి కూడా మెచ్చుకున్నాను. లాభం లేదు. చివరికి జన్మలో చేయని పని చేశాను, నోరు తెరిచి అడిగాను.

"ఒక్క కొమ్మ ఇస్తావా బూబమ్మా?"

ఆమె ముఖం చిన్నబోయింది. "అది మాత్రం ఇయ్యలేను శెట్టెమ్మా. ఆయన చేత్తో కట్టిండేది. నా ఇంట్లోనే ఉండాల. ఏమనుకోవద్దు." ఆమె లేచి, "ఉండు, ఇప్పుడే వస్తా" అని లోపలికి పోయింది.

చాలాసేపు రాలేదు. నాకేమో ఒళ్లంతా చేతులే అయ్యాయి. నోటితో కాదన్నా లోపలికి పోయింది కదా, ఇచ్చినట్టే కదా అనుకున్నాను. మా వీధి మర్యాద వాళ్ల వీధిలో లేదని నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను. ఆమె కంటబడకుండా గోడ వైపు కొమ్మను తొందరగా విరిస్తే సరిగ్గా తెగలేదు, బొటనవేలంత పొడుగున తొక్క చీలుకుని కాండం దాకా వచ్చింది. కొంగులో దాచేసరికి ఆమె నిమ్మకాయ షర్బత్ తెచ్చింది. గటగటా తాగేసి వచ్చాను.

కొమ్మ నాటుకుంది. నెల తిరక్కుండా చిగురు వేసింది. ఏం లాభం, ఎవరికైనా చూపిస్తే కదా! మిద్దె మూల పెట్టి, పైకి ఎవరైనా వస్తున్నారంటే గంప బోర్లించేదాన్ని. ఒకరోజు మా ఆయన చూశాడు.

"గంప కింద ఏం పెట్నావే? కోమటోళ్ల ఇంట్లో కోళ్లు సాకుతాండావా?"

"కోళ్లు లేవు, ఏమీ లేవు. నువ్వు కొట్టుకు పో" అని కసిరాను. ఆయనతో చెప్పుకోలేకపోయాను.

వేసవి నడుమ రహమత్‌బీ గుడ్డముక్కల కోసం వచ్చింది. మూట కట్టుకోకుండా అరుగు మీద కూలబడింది.

"చెట్టు పోతాంది శెట్టెమ్మా. పైనుంచి నల్లగా దిగుతాంది. నువ్వు రోజాలు సాకిన మనిషివి. ఒకతూరి వచ్చి సూడు, నీకు పుణ్యముంటాది."

వెళ్లాను. వెళ్లకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నలుపు ఎక్కడ మొదలైందో చూడగానే తెలిసింది. నేను చీల్చిన చోటే. అక్కడి నుంచి కాండంలోకి దిగి, మొదలు వైపు పాకుతోంది. రోజాకు కొమ్మ తీస్తే పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, కోసిన చోట పేడ మెత్తాలి. ఏనాడో నేర్చుకున్న పాఠం. దొంగతనంగా విరిచినదానికి పేడ ఎవరు మెత్తుతారు?

నల్లబడినంత మేరా కోసేశాను, పేడ మెత్తాను. ఆమె పక్కనే నిలబడి, "బతుకుతాదా?" అని అడుగుతూనే ఉంది. "సూద్దాం" అన్నాను. చెప్పడానికి అదే సమయం. నోరు రాలేదు. దొంగ అన్న మాట ఒకసారి నా మీద పడితే మా కొట్టు దాకా వస్తుంది, మా ఆయన గజం కొలిచినప్పుడల్లా జనం చెయ్యి వంక చూస్తారు. అదీ నా భయం. ఆషాఢం రాకముందే చెట్టు మొదలంటా ఎండిపోయింది.

రహమత్‌బీ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బొంతలు కుట్టడం మానేసింది. మూడు గురువారాలు పువ్వు లేకుండానే ఫాతెహా అయిందని, అన్నం కూడా సరిగా తినడం లేదని పక్కింటి సాజిదా చెప్పింది. "ఇంగ ఆయన మొకం గుర్తుకు రావడంలే అంటాండాది. చెట్టు ఉన్నన్నాల్లు గుర్తుండెనంట" అంది సాజిదా. ఆ మాట విన్న రాత్రి నాకు కునుకు లేదు.

తొలకరికి నా చెట్టు మొగ్గ తొడిగింది. బుధవారానికి సగం విచ్చి, గీతలు కనబడ్డాయి. గురువారం పొద్దున్నే డబ్బా చంకన పెట్టుకుని బయలుదేరాను. గంప కప్పలేదు. మా ఆయన కొట్టు అరుగు మీది నుంచి చూశాడు, వీధిలో ఇంకా నలుగురు చూశారు. చూడనీ అనుకున్నాను.

డబ్బా ఆమె వాకిట్లో దించాను. ఆమె పువ్వు వంక చూసింది, నా వంక చూసింది.

"యాడిదిది?"

"నీ చెట్టుదే బూబమ్మా. సంకురాత్రి ముందు నేనొచ్చినప్పుడు విరుచుకుపోయినా. నేను చీల్చిన చోటే నీ చెట్టు చచ్చిపోయింది. నేనే చంపినా." ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. చెప్పి ఊరుకుంటే సరిపోయేది. సిగ్గులేని నోరు ఇంకా ఆడింది. "నువ్వు లోపలికి పోయి శానాసేపు రాకపోతే, ఇచ్చినట్టే అనుకున్న్యా."

ఆమె వంగి డబ్బాలోని మట్టి తడిమి చూసింది.

"నేను లోపల యాడ ఉన్న్యా శెట్టెమ్మా?" అంది. "నువ్వు నోరు తెర్సి అడిగితివి. లేదంటి. ఉత్త నోటితో ఎట్ల పంపీదని, దొడ్డివాకిలి నుంచి పోయి నిమ్మకాయ కోసరం మూడిండ్లు తిరిగితి."

వాకిట్లోనే కూర్చుని ఏడ్చాను. అరవై గజాల గుడ్డ కొన్నవాళ్లకు కూడా మంచినీళ్లు ఇవ్వని కొట్లున్న బజారు మాది. కాదన్నందుకు బాధపడి నిమ్మకాయ వెతికిన మనిషి ఇంట్లో నేను దొంగతనం చేశాను. ఆమె నన్ను ఓదార్చలేదు. డబ్బాను మెల్లగా నీడలోకి జరుపుకుంది.

"ఇంగ పో" అంది. వచ్చేశాను.

ఆ తర్వాత ఐదు నెలలు ఆమె మా కొట్టు మెట్టెక్కలేదు. వీధిలో ఎదురైతే తల తిప్పుకునేది. తప్పు నాది, ఎవరితో చెప్పుకోను? వీధిలోని నలుగురూ మాత్రం నా గురించి చెప్పుకున్నారు. మా ఆయన ఒక్క మాటా అనలేదు. అంటేనే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

మార్గశిరంలో ఒక పొద్దున రహమత్‌బీ మా వాకిట్లో నిలబడి ఉంది.

"అంట్లు కట్టాల. నాకు చూపు ఆనడంలే. నీ చెయ్యి కావాల" అంది. రమ్మని కూడా అనకుండా వెనక్కి తిరిగి నడిచింది. చీర మార్చుకోకుండా వెంట పడ్డాను.

ఆమె పెరట్లో అడవి రోజా మొక్కలు పన్నెండు వరసగా నాటి ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచి తెప్పించిందో! మొగుడు చేస్తుంటే చూసిన పని, ఆమె చెప్తుంటే నేను చేశాను. గీతల రోజా కొమ్మ నుంచి కన్ను గీరాలి, కాండం తొక్క చీల్చి లోపలికి దూర్చాలి, అరటినారతో బిగించాలి. "నిదానం. కన్ను తడారిపోతే సచ్చిపోతాది" అని ఆమె అరుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి పన్నెండూ కట్టాను. వాటిలో తొమ్మిది అతికి చిగురు వేశాయి.

"ఇవన్నీ ఏం చేస్తావు బూబమ్మా?" అని అడిగాను.

"అడిగినోల్లకంతా ఇస్తా. ఒగ ఇంట్లో పోతే ఇంగొగ ఇంట్లో ఉంటాది."

చెప్పినట్టే ఇచ్చింది. సాజిదాకు ఒకటి, పులివెందులలో ఉన్న చెల్లెలికి ఒకటి, చివరికి మా అత్తగారికి కూడా అడిగితే ఇచ్చేది కానీ ఆవిడ పచ్చ రోజాతోనే విసిగిపోయి ఉంది. ఎనిమిది వెళ్లిపోయాయి. తొమ్మిదోది గోడ పక్కన మిగిలింది. నేను దాని ముందు నిలబడి గొంతు సవరించుకున్నాను.

"నాకిస్తావా బూబమ్మా?"

"నీకియ్యను" అంది వెంటనే. నా మొహం వాడిపోవడం చూసి కూడా మాట మార్చలేదు. మళ్లీ మొదలుపెట్టి, చేత్తో తడుముకుంటూ కుడుతున్న బొంతలో సూది ఆపి, "నీకిచ్చినానంటే మీ మిద్దె మీదనే సూసుకుంటా కూసుంటావు. నీకు కావాల్నంటే దినామూ ఈడికొచ్చి సూసిపో" అంది.

పదేళ్లయింది. దినమూ పోతున్నాను.